సిరా వెలయు మూలసంకేతమును



ఇబ్రహీంపట్నమనగానే మా తరమువారికి కుతుబ్‌షాహీ ప్రభువు ఇబ్రహీము పేర వెలసిన పెద్ద చెరువు స్ఫురించును గాని, నేటి యువకులకు సాగరు రోడ్డు పొడవునను, మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ గ్రామముల పరిధిలోను వరుసదీరిన ఇంజనీరింగు కళాశాలలే స్ఫురించును. ఆ కళాశాలల నాశ్రయించి, బస్టాండు చుట్టును, తహసీల్దారు కచేరికి పోవు వీధులలోను, జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అను మూడు మాటలు వ్రాసిన బోర్డుల క్రింద పెక్కు కుటుంబములు జీవనము సాగించుచున్నవి. విద్యాసంవత్సరాంతమున ప్రాజెక్టు రిపోర్టులు, లాబు రికార్డులు, హాల్ టికెట్లు. తక్కిన కాలమున ఆదాయ ధ్రువపత్రములు, పాసుపుస్తకముల నకళ్లు, ఆధారు ప్రతులు, పెండ్లిపత్రికల నమూనాలు. ఏ రాజ్యాంగ యంత్రము గాని, ఏ విద్యాలయము గాని కాగితమును విసర్జించితిమని ఎంత చాటుకొన్నను, ఆ విసర్జింపబడిన కాగితమంతయు తుదకు ఈ దుకాణములలోనే అచ్చగుచున్నది.

ఈ దుకాణదారుని బ్రతుకు పుటకింత అను లెక్క మీద నడచును. కాగితము ధర అతనికి తెలియును, కరెంటు బిల్లు తెలియును, అద్దె తెలియును; కాని యంత్రములోని సిరా ధర మాత్రము అతడు నిర్ణయింపగలిగినది కాదు, అంగడిలో బేరమాడి తగ్గింపగలిగినదియు కాదు. ఇంటికొక చిన్న ప్రింటరు కొన్న గృహస్థుని స్థితి ఇంకను విచిత్రము. యంత్రము చవకగా వచ్చినదని సంతసించి తెచ్చుకొన్న పిమ్మట, మొదటి కార్ట్రిడ్జ్ ముగిసిననాడు, రెండు కార్ట్రిడ్జ్‌ల వెల కలిపి చూచినచో యంత్రము వెలకు చేరువగా వచ్చుచున్నదని అతడు కనుగొనును. బోరు మోటారును అగ్గువకు బిగించి పోయినవాడు, తోడిన ప్రతి బిందెకును తన వద్దనే చీటీ కొనవలెనని నియమము పెట్టినట్లున్నది ఈ వ్యవహారము.

ఇది వ్యాపారరహస్యమేమియు కాదు. ప్రింటరు కంపెనీల వార్షిక నివేదికలలోనే యంత్రములకంటె సిరా వంటి సరఫరాల వలన వచ్చు రాబడి మిక్కిలియని బాహాటముగా కనబడును. అందులకు తోడ్పడినది యంత్రనిర్మాణమే. సిరాను అల్పకాలము వేడిచేసి, ఆవిరిబుడగ పుట్టించి, ఆ బుడగ త్రోపుడుతో సన్నని రంధ్రమునుండి చుక్కను కాగితముపైకి చిమ్ము పద్ధతిని 1970ల చివర జపానులో కానన్ సంస్థయు, అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థయు వేరువేరుగా కనిపెట్టినవి. ప్రయోగశాలలో కాలుచున్న సోల్డరింగు ఐరను ఒకటి సిరా నింపిన సిరంజి సూదికి తగిలి సిరా చిందుటచే ఆ ఊహ పుట్టినదని కానన్‌వారు చెప్పుకొందురు. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్ అను యంత్రమును వెలువరించినపుడు, ఆ రంధ్రములు గల శీర్షమునే సిరాబుడ్డితో కలిపి, సిరా ముగియగనే శీర్షమును కూడ పారవేయునట్లు రూపొందించిరి. రంధ్రములు పూడుకొనిపోవు బాధ దీనితో తప్పినదనుట నిజము. కాని నాలుగు చుక్కల సిరా కొనవలసినవాడు ప్రతిమారును ఒక సూక్ష్మయంత్రమును కొనవలసివచ్చె ననుటయు అంతే నిజము. మన దేశమున ఇండ్లలో విరివిగా వాడబడిన హెచ్‌పీ 803 చిన్న (స్మాల్) నల్లని కార్ట్రిడ్జ్ ఇచ్చునది, తయారీదారుల లెక్క ప్రకారమే, సుమారు 120 పుటలు. ఒక్క బీటెక్ ప్రాజెక్టు రిపోర్టు రెండు ప్రతులు తీయుటకు అది చాలదు.

ఇక్కడ మనము సాధారణముగా మరచిపోవు ఒక సంగతి కలదు. నేడు ప్రపంచమున సర్వరులలో పెక్కింటిని నడుపుచున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమము పుట్టుటకు హేతువైనది ఒక ప్రింటరే. 1980 ప్రాంతమున, అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయపు కృత్రిమమేధా ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ (మన వీధిలో ఏ కంపెనీ యంత్రము పెట్టుకొన్నవాడును బోర్డు మీద వ్రాసికొను ఆ సంస్థయే) ఒక లేజర్ ప్రింటరును బహూకరించెను. యంత్రము వేగము గలదే గాని తరచు కాగితము ఇరుకుకొనెడిది. వేరొక అంతస్తులో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియక, గంట గడచిన పిమ్మట పోయి చూచినచో ఒక్క పుటయు వెలువడకయే యుండెడిది. అంతకుముందున్న పాత ప్రింటరుకు ఇట్టి యిక్కట్టే కలిగినపుడు, రిచర్డ్ స్టాల్‌మన్ అను యువ ప్రోగ్రామరు దాని ప్రోగ్రామును సవరించి, యంత్రము ఆగిపోగానే ప్రతీక్షించుచున్న వారందరికిని వార్త పోవునట్లు చేసియుండెను. క్రొత్త యంత్రమునకును అట్లే చేయబోగా, దాని మూలసంకేతము, అనగా మనము సోర్స్ కోడ్ అనునది, అతనికి దొరకలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఒక ఆచార్యుని వద్ద అది యున్నదని విని పోయి అడుగగా, ఎవరికిని ఈయనని ఒప్పందము చేసికొంటినని ఆయన నిరాకరించెను. తోటి విద్వాంసుడు తోటివానికి సాయపడరాదని వ్రాతపూర్వకముగా ప్రమాణము చేయుట స్టాల్‌మన్ మనస్సునకు గాఢముగా తాకినది. 1983 సెప్టెంబరు 27న ఆయన జీఎన్‌యూ అను స్వేచ్ఛా కంప్యూటరు వ్యవస్థ నిర్మాణ ప్రణాళికను ప్రకటించెను. 1989లో జీపీఎల్ అను లైసెన్సు పుట్టినది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్స్ దానికి తోడై, ఆ వ్యవస్థ పూర్తియైనది. ఒక కాగితపు ఇరుకుడు ఇంతటి పరిణామమునకు దారితీయుట చరిత్రలోని చమత్కారములలో ఒకటి.

అయితే ప్రింటరు వలన పుట్టిన ఈ ఉద్యమము ప్రింటరునే విడిపించినదా యనునది నేటి మన ప్రశ్న. దీనికి నిజాయితీగా చెప్పవలసిన సమాధానము, సగము విడిపించినది అనునదే. మిగిలిన సగమును విడిపించినవారు వేరు.

మొదట ఆ సగమును చూతము. కంప్యూటరు నుండి ప్రింటరునకు పోవు ఆజ్ఞలను ప్రింటరు భాషలోనికి మార్చు ప్రోగ్రామును డ్రైవరు అందుము. డ్రైవరు తయారీదారుని చేతిలో ఉన్నంతకాలము యంత్రపు ఆయుర్దాయము కూడ అతని చేతిలోనే యుండును. విండోసు క్రొత్త కూర్పు రాగానే పాత ప్రింటరుకు డ్రైవరు ఈయకపోయినచో, మంచి యంత్రము కాస్తా ఇనుపసామానువాని తక్కెడలోనికి పోవును. 1999లో మైకేల్ స్వీట్ వెలువరించిన కప్స్ అను ముద్రణవ్యవస్థ ఈ బంధమును మొదట సడలించినది. లినక్సులోనే గాక, 2002 నుండి ఆపిల్ వారి కంప్యూటర్లలో కూడ కాగితము మీదికి పోవు ప్రతి పుటయు దాని గుండానే పోవుచున్నది. గూటెన్‌ప్రింట్ అను మరియొక కృషి, గింప్ అను చిత్రలేఖన సాఫ్ట్‌వేరుకు అనుబంధముగా మొదలై, ఎప్సన్, కానన్ మొదలగు వారి వందలాది ఇంక్‌జెట్ యంత్రములకు స్వతంత్రమైన డ్రైవరులను సమకూర్చినది. దానిలోని గుణమేమనగా, చుక్కల సాంద్రతను వాడుకరి తన యిచ్చ వచ్చినట్లు తగ్గించుకొనవచ్చును. వ్యాకరణదోషములు దిద్దుకొనుటకు మాత్రమే తీసెడి చిత్తుప్రతికి నిండు సిరా కుమ్మరింపవలసిన పనిలేదు. నలుపును కూడ మూడు రంగుల మిశ్రమముతో వేసి రంగుల సిరా హరించు యంత్రములకు, నలుపు మాత్రమే వాడుమని కట్టడి చేయుటకును వీలు కలదు.

మన దుకాణములకు మరింత చేరువైన ఉదాహరణము హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. పదునైదేండ్లకు పైబడి తెలుగుదేశమంతటను డీటీపీ బల్లలపై కొలువున్న ఈ చిన్న యంత్రమున ఒక చోద్యమున్నది: దాని బుద్ధి దాని వద్ద లేదు. విద్యుత్తు ఇచ్చిన ప్రతిమారును కంప్యూటరు దానికి ఫర్మ్‌వేరును, అనగా యంత్రమును లోపలినుండి నడుపు ప్రోగ్రామును, పంపవలెను. పంపనిచో దీపము వెలుగును గాని మాట వినదు. పైగా అది మాటలాడునది జెనోగ్రాఫిక్స్ అను సంస్థ రూపొందించిన ప్రత్యేకభాష. రిక్ రిచర్డ్‌సన్ అను ప్రోగ్రామరు ఆ భాషను విప్పి, ఫూటూజడ్‌జేఎస్ అను పేర ఒక స్వేచ్ఛా డ్రైవరును వ్రాసినందున ఆ యంత్రములు లినక్సులో పనిచేయగలుగుచున్నవి. హెచ్‌పీ సంస్థ కూడ హెచ్‌పీలిప్ అను తన లినక్సు సాఫ్ట్‌వేరు మూలసంకేతమును బయటపెట్టినది. కాని ఇదే 1020కి కావలసిన ఫర్మ్‌వేరు మాత్రము మూసిన ప్లగ్గినుగానే వచ్చును. ద్వారము తెరచి గడపలో గొలుసు వేసినట్లని చెప్పబోయి, ఉపమానములు అధికమగునని మానుకొనుచున్నాను. దానికి సహోదరి యనదగిన కానన్ ఎల్‌బీపీ 2900 సంగతి ఇంకను కఠినము. అది వాడు క్యాప్ట్ అను సంభాషణాపద్ధతిని కంపెనీ వెల్లడింపలేదు. లినక్సునకు వారిచ్చిన డ్రైవరులోని ముఖ్యభాగములు మూసినవే. ఔత్సాహికులు బయటినుండి గమనించి వ్రాసిన క్యాప్ట్‌డ్రైవర్ నేటికిని పరిపక్వము కాలేదు.

ఇంతవరకు చెప్పినది ఆజ్ఞల స్వాతంత్ర్యము. సిరా వెలకు దీనితో తక్షణ సంబంధము లేదని గ్రహింపవలెను. డ్రైవరు ఎంత స్వేచ్ఛాయుతమైనను, కార్ట్రిడ్జ్ మీద అంటించిన చిన్న చిప్పు, ప్రింటరులోని ఫర్మ్‌వేరు ఒకదానితో నొకటి రహస్యముగా పలుకరించుకొని, బయటివానిని గుర్తుపట్టి నెట్టివేయుచున్నంతకాలము, లినక్సు వాడువాడును విండోసు వాడువాడును ఒక్కటే ధర చెల్లింపవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు కొందరు ఈ భేదమును మరచి, ఉబుంటు అను లినక్సు కూర్పును వేసికొన్నచో సిరా ఖర్చు తీరునన్నట్లు ఉపన్యసింతురు, అది అతిశయోక్తి.

ఆ చిప్పుల కథ న్యాయస్థానముల వరకు పోయినది. అమెరికాలో లెక్స్‌మార్క్ అను ప్రింటరు కంపెనీ తన టోనర్ చిప్పులోని ప్రోగ్రాము మీద కాపీరైటు కలదని చెప్పి, అట్టి చిప్పులు చేయుచున్న స్టాటిక్ కంట్రోల్ అను సంస్థపై వ్యాజ్యము వేసెను. ఆ వాఙ్మయసంపద పరిమాణమెంత యనగా, ఒక నమూనాలో 37 బైట్లు, మరియొకదానిలో 55 బైట్లు. వాదిప్రతివాదుల పేర్లు వ్రాయుటకే అంతకంటె ఎక్కువ స్థలము పట్టునని 2004లో అప్పీలు న్యాయస్థానము సరసముగా వ్యాఖ్యానించి, లెక్స్‌మార్క్ కొరకు క్రింది న్యాయస్థానము విధించిన నిషేధమును కొట్టివేసెను. పిమ్మట 2017 మే 30న, అదే లెక్స్‌మార్క్ వేరొక వ్యాజ్యమున, ఒకమారు అమ్మివేసిన కార్ట్రిడ్జ్‌పై పేటెంటుహక్కు ముగిసిపోవునని, కొన్నవాడు దానిని నింపుకొనవచ్చును, మరల అమ్ముకొనవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయము ఇట్లు చెప్పినను సాఫ్ట్‌వేరు వినదు గదా. ఆ తీర్పునకు ముందటి సంవత్సరమే, 2016 సెప్టెంబరు 13న, హెచ్‌పీ ఆఫీస్‌జెట్ యంత్రములు పెక్కు, నిన్నటివరకు స్వీకరించిన ఇతరుల కార్ట్రిడ్జ్‌లను ఉన్నట్టుండి తిరస్కరించినవి. కొన్ని నెలలకు ముందే ఫర్మ్‌వేరులో పొందుపరచిన గడువు ఆనాటికి పండినది. జనుల నిరసనకు కంపెనీ కొంత తగ్గి, ఆ కట్టడిని తొలగించు ఫర్మ్‌వేరును ఈయవలసివచ్చెను. వినోదమునకు మరియొకటి: 2022 ఆరంభమున ప్రపంచమంతటను చిప్పుల కొరత వచ్చి, కానన్ సంస్థ తన సొంత టోనర్‌లనే చిప్పు లేకుండ అమ్మవలసివచ్చినపుడు, ఇది అసలుది కాదని తన యంత్రమే చూపు హెచ్చరికను ఎట్లు దాటిపోవలెనో జర్మనీలోని తన ఖాతాదారులకు తానే నేర్పినది.

ఇక సిరా వెలను నిజముగా కదలించిన రెండవ సగమునకు వత్తము. ఆ పని చేసినవారు ప్రోగ్రామరులు కారు. పేరు లేని రీఫిల్లింగు పనివారు. చేతిసంచిలో స్క్రూడ్రైవరు, బ్రష్షు, సీసాలో నల్లపొడి పెట్టుకొని, హైదరాబాదు నుండి మోటారుసైకిలు మీద వచ్చి దుకాణము దుకాణమునకు తిరుగువారిని మీరెరుగుదురు. వారి వృత్తికి ఆధారము 12ఏ అను టోనర్ కార్ట్రిడ్జ్. ఇందాక చెప్పిన లేజర్‌జెట్ 1020 లోనిది ఇదియే; ఎల్‌బీపీ 2900 వాడు 303 కూడ ఆకృతిలో దీని తోబుట్టువే, ఏలయనగా హెచ్‌పీ లేజర్ యంత్రముల ఇంజనులు ఆ కాలమున పెక్కు తయారైనవి కానన్ కర్మాగారములలోనే. పుటలో నూటికి ఐదు వంతులు మాత్రమే నలుపు పడునన్న లెక్కను అది సుమారు రెండువేల పుటలిచ్చునని కంపెనీ మాట. దానికి చిప్పు లేదు. అందుచే దానిని విప్పి, వ్యర్థపు పొడి దులిపి, క్రొత్త పొడి పోసి, గీతలు పడుచున్నచో డ్రమ్ము మార్చి, నలుపు చెరుగుచున్నచో బ్లేడు మార్చి, నీడలు వచ్చుచున్నచో పీసీఆర్ రోలరు మార్చి, అసలు వెలలో స్వల్పభాగమునకే మరల నిలబెట్టుదురు. ఈ విద్యను ఏ కళాశాలయు బోధింపలేదు. ఒకని చేతినుండి మరియొకని చేతికి, మరమ్మతు బల్లల మీదుగా పారంపర్యముగా వచ్చినది. కంపెనీ అమ్మునది యంత్రమైనను, దానిని మన ఆదాయములకు అందుబాటులో నిలిపినది ఈ పొడి అంటిన చేతులే యని నేను నిస్సంకోచముగా చెప్పగలను. పొడి నాసిరకమైనచో డ్రమ్ము త్వరగా చెడును, గాలిలో ఎగిరిన పొడి ఊపిరికి మంచిది కాదు, ముఖమునకు గుడ్డయైన కట్టుకొనక పనిచేయువారిని చూచినపుడు నాకు బాధ కలుగును; ఇవి యథార్థములే యైనను ఆ చేతుల గౌరవమును తగ్గింపవు.

ఇంక్‌జెట్ యంత్రములలోను ఇట్టిదే జరిగినది. ఇండొనీషియా, భారతదేశము మున్నగు చోట్ల దుకాణదారులు కార్ట్రిడ్జ్‌లకు రంధ్రములు చేసి, రబ్బరు గొట్టములు తగిలించి, యంత్రము ప్రక్కన పెద్ద సిరాబుడ్లు నిలిపి, అవిచ్ఛిన్నముగా సిరా పారునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఎప్సన్ సంస్థ దీనితో చాలకాలము పోరాడి, తుదకు పోరాటము మాని, 2010లో ఇండొనీషియాలో తానే సిరాట్యాంకు గల ప్రింటరును వెలువరించెను. మరుసటి యేటనే అది మన దేశమునకు వచ్చినది. తరువాత కానన్, హెచ్‌పీ కూడ ఆ దారిని పట్టక తప్పలేదు. నేడు ఇబ్రహీంపట్నపు దుకాణములలో కనబడు ట్యాంకు ప్రింటరుకు డెబ్బది మిల్లీలీటర్ల నల్లసిరా సీసా ఒకటి పోసినచో వేల పుటలు వచ్చును. యంత్రము వెల హెచ్చినది, సిరా వెల దిగినది. అనగా సరకు ధర సరకు మీదనే పడినది. ఈ న్యాయమైన లెక్క ఏ కంపెనీ దయాధర్మమునను రాలేదు. ఆసియా వీధులలోని రబ్బరు గొట్టముల వలన వచ్చినది.

అయితే ట్యాంకు యంత్రములోను ఒక లెక్కింపు దాగియున్నది. శీర్షమును శుభ్రపరచిన ప్రతిమారును కొంత సిరా వ్యర్థమై, అడుగున నున్న మెత్తలోనికి పోవును. ఆ మెత్త ఎంత తడిసెనో యంత్రము తూచి చూడదు, ఊహించి లెక్క వ్రాసికొనును. లెక్క హద్దు చేరగానే రెండు ఎఱ్ఱదీపములు వెలిగి యంత్రము స్తంభించును. మెత్తను ఉదికి ఆరవేసినను, క్రొత్తది వేసినను, జ్ఞాపకమందలి అంకెను సున్నకు దింపువరకు అది కదలదు. మన మరమ్మతువారు దీనికై వాడు రీసెట్ ప్రోగ్రాములు ఎవరు వ్రాసినవో తెలియనివి. డబ్బిచ్చి తాళపుసంకేతము కొనవలసినవి. పలుమారులు వైరసులను మోసుకొని వచ్చునవి. రీఇంక్‌పై వంటి ఓపెన్ సోర్స్ పరికరములు ఇదే పనిని, మూలసంకేతమును బహిరంగముగా చూపుచు, ఉచితముగా చేయుచున్నవి. ప్రోగ్రామరు చేయియు మరమ్మతువాని చేయియు ఒక్కచోట కలిసినది ఇక్కడనే. మెత్తను మార్చక అంకెను మాత్రమే దించినచో సిరా బల్లమీదికి పారునని మాత్రము తెలిసియుండవలెను.

ప్రోగ్రామరు, మరమ్మతువాడు ఇరువురును మన ఊరిలో ఒకే రోడ్డు మీద నున్నారు, కాని కలిసికొనరు. దానికి కారణము విచారించినచో ప్రింటరును దాటి, తెలుగు అక్షరముల దగ్గరకు పోవలసివచ్చుచున్నది. డీటీపీ చేయువానిని లినక్సునకు రమ్మన్నచో అతడడుగు మొదటి ప్రశ్న సిరా గురించి కాదు, 'అను' అను పేరుగల తెలుగు ఫాంట్లు పనిచేయునా యని. మూడు దశాబ్దములుగా మన పెండ్లిపత్రికలు, కరపత్రములు, పాఠ్యపుస్తకములు ఆ 'అను' లిపులతోను, పేజ్‌మేకరు అను పుటలు కూర్చు సాఫ్ట్‌వేరుతోను కూర్పబడుచున్నవి. పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0 వెలువడినది 2001లో. దానిని వెలువరించిన అడోబీ సంస్థయే దానిని విడిచిపెట్టినను మనవారు విడువలేదు. 'అను' లిపులలో కూర్చిన తెలుగు, ఆ లిపి లేని కంప్యూటరులో ఆంగ్లాక్షరముల చిందరవందరగా కనబడును. ఏలయన అది యూనికోడు తెలుగు కాదు. తన యిరువది యేండ్ల పనియంతయు ఆ సంకేతములలో బందీయై యుండగా, దుకాణదారుడు సిరా ఆదా కొరకు ఇల్లు మారడు. అతనిని నిందింపజాలము.

ఈ విషయమున కొంత పని జరిగినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన లిపులను స్వేచ్ఛా లైసెన్సుతో లోకమునకిచ్చిరి. సిలికానాంధ్ర వారు గిడుగు, గురజాడ, మండలి, సురవరం మొదలగు పేర అనేక లిపులను, ఎవరైనను వాడుకొనదగినట్లు వెలువరించిరి. 2005లో హైదరాబాదున ఏర్పడిన స్వేచ్ఛ అను సంస్థ జీఎన్‌యూ లినక్సును తెలుగులోనికి తెచ్చి, పిల్లలకై బాలస్వేచ్ఛను రూపొందించి, ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థిబృందములను నెలకొల్పినది. పేజ్‌మేకరుకు ప్రతిగా వాడదగిన స్క్రైబస్‌లో 2017 నాటికి తెలుగు వంటి లిపుల ఒత్తులు గుణింతములు సరిగా కూడుకొను ఏర్పాటు వచ్చినది. అయినను ఈ కృషి యావత్తు కళాశాల సెమినారు గదులలోనే ఎక్కువగా వినబడినది. గేటు దాటి రోడ్డుకు ఆవలనున్న డీటీపీ బల్లవద్దకు చేరినది తక్కువ. ఇది నా అభిప్రాయము. కార్యకర్తలు నన్ను మన్నింతురు గాక.

ప్రభుత్వము మాటయు చెప్పవలెను. కేంద్రప్రభుత్వము 2015లో తన కార్యాలయములలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమీయవలెనని ఒక విధానమును ప్రకటించెను. 2022లో వినియోగదారుల వ్యవహారశాఖ మరమ్మతు హక్కును గురించి ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరులోనే దానికొక పోర్టలును తెరచెను. వ్యవసాయయంత్రములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, వాహనములు అందు ముందుగా పేర్కొనబడినవి. కచేరీలకు టెండర్లు పిలుచు అధికారులు యంత్రము వెలతోబాటు, ఐదేండ్ల సిరా వెలను కూడ కలిపి అడుగుట ఆరంభించినచో, ఉపన్యాసములకంటె అది ఎక్కువ పనిచేయునని నాకు తోచుచున్నది.

గృహస్థునకు మాత్రము ఒక చిన్న సలహా. ప్రింటరు కొనబోవుటకు ముందు, అమ్ము దుకాణమునకు గాక, రీఫిల్లింగు చేయువాని వద్దకు పోయి, ఈ నమూనాకు చిప్పు కలదా, నింప వీలగునా, ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయునా అని అడుగవలెను. నెలనెలా చందా కట్టిననే సిరా పంపుదుమను పథకములు కూడ లోకమున ప్రబలుచున్నవి గనుక, ఆ చివరి ప్రశ్న తప్పక అడుగవలెను. లినక్సు వాడువారైనచో ఐపీపీ ఎవ్రీవేర్ గాని, ఎయిర్‌ప్రింట్ గాని ఉన్న యంత్రమును కొన్నచో డ్రైవరు బెడద ఉండదు. ఆ యంత్రము అందరకు తెలిసిన భాషనే మాటలాడును.

డ్రైవరు అక్కరలేని ఈ క్రొత్త పద్ధతి వలననే పాతయంత్రములకు ఒక చిక్కు రానున్నది. కప్స్ మూడవ తరము పూర్వపు తరహా డ్రైవరులను స్వీకరింపదని దాని నిర్వాహకులు ముందుగనే ప్రకటించిరి. ప్రతి పాత ప్రింటరుకును ప్రింటర్ అప్లికేషన్ అను క్రొత్త దుస్తు తొడుగవలెను. లినక్స్ ఫౌండేషన్ ఆశ్రయముననున్న ఓపెన్‌ప్రింటింగ్ బృందము గూటెన్‌ప్రింట్, హెచ్‌పీలిప్ మొదలగువానికి ఆ పని చేసినది. మన వీధులలోని ఎల్‌బీపీ 2900 వంటివానికి ఎవరో పూనుకొని చేయవలసియున్నది. ప్రతి సంవత్సరము మన మండలములోని కళాశాలలనుండి వేలకొలది విద్యార్థులు చివరి సంవత్సరపు ప్రాజెక్టులు సమర్పించుచున్నారు. వానిలో పెక్కు ఎక్కడనో కొనబడి, ఎవరును చదువక, స్పైరల్ బైండింగుతో బీరువాలలో నిదురించుచున్నవని అధ్యాపకులే నవ్వుచు చెప్పుదురు. ఆ రిపోర్టులను అచ్చువేసిన యంత్రమునే ప్రాజెక్టుగా తీసికొనుటకు అడ్డేమియు లేదు. యంత్రము రోడ్డు అవతలి దుకాణములో నున్నది. దాని రోగములన్నియు తెలిసినవాడు మోటారుసైకిలు మీద వారమునకొకమారు అటు వచ్చుచున్నాడు. కంప్యూటరునకును ప్రింటరుకును నడుమ యూఎస్‌బీ తీగ మీద సాగు సంభాషణను పట్టి చూపు వైర్‌షార్క్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పెక్కు నెట్‌వర్కింగు లాబులలో ఇదివరకే పనిచేయుచున్నది.